నలభై కాఫీలు కలిపిన చేతికి చిల్లర, సీసా మూత తీసిన చేతికి డాలరా?

ప్రశ్న: నేను టెక్సస్‌లో, డాలస్‌కు దగ్గరగా ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాను. క్యాంపస్‌లోని కాఫీ షాపులో వారానికి 20 గంటలు బరిస్టాగా పనిచేస్తున్నాను. రద్దీ వేళలో గంటకు నలభై కాఫీల దాకా చేస్తాం. షిఫ్టు ముగిసేసరికి టిప్పుల డబ్బాలోంచి నా వాటాకు వచ్చేది నాలుగైదు డాలర్లు. ఇక్కడే పుట్టి పెరిగిన మా పెద్దమ్మగారి అబ్బాయి నగరంలో బార్‌టెండర్. ఒకసారి అన్నయ్య పనిచేసే చోటికి వెళ్ళి కూర్చున్నాను. బీరు సీసా మూత తీసి ముందు పెట్టినందుకే ఒక్కొక్కరూ డాలరో రెండు డాలర్లో పెట్టి వెళ్తున్నారు. ఒక శనివారం రాత్రి తనకు వచ్చే టిప్పులు నా రెండు వారాల జీతంతో సమానమట. ఇందులో న్యాయం ఏమిటి? నేను కాఫీ షాపుకో బార్‌కో వెళ్ళినప్పుడు విద్యార్థి జేబుతో ఎంత ఇవ్వాలి? మా షిఫ్ట్ లీడ్ (షిఫ్టులో మా పని చూసుకునేవారు) కూడా డబ్బాలోంచి వాటా తీసుకుంటున్నారు, అది సబబేనా? వారాంతాల్లో తన బార్‌కు వచ్చి చేతిసాయం చేయమని అన్నయ్య పిలుస్తున్నాడు, వెళ్ళవచ్చా? చివరగా ఒక చిన్న సందేహం. పొద్దున్నే డబ్బా ఖాళీగా కనిపించకూడదని మేమే ఒకటి రెండు నోట్లు అందులో వేసి పెడుతున్నాం. అది మోసమవుతుందా?
ఒక విద్యార్థిని, టెక్సస్

సమాధానం: మీ లెక్కలో తప్పు లేదమ్మా, కానీ ఆ లెక్కకు ఆధారంగా మీరు పెట్టుకున్న ఊహ సరైనది కాదు. టిప్పు అనేది పడిన శ్రమకు కొలత అని మీరు అనుకుంటున్నారు. అమెరికాలో టిప్పు శ్రమను బట్టి రాదు. కౌంటరు వెనుక నిలబడిన మనిషికి యజమాని ఎంత జీతం ఇస్తే చాలునని చట్టం చెబుతోంది, కొనేవాడు డబ్బు ముందు కడుతున్నాడా తాగిన తరువాత కడుతున్నాడా, చేతికిచ్చిన సరుకు ధర ఎంత అన్న మూడు సంగతుల మీద అది నడుస్తుంది. ఈ మూడూ మీ అన్నయ్యకు కలిసివచ్చాయి, మీకు కలిసిరాలేదు.

అయినా ముందు పని సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు ఒక సాయంత్రం చూసిన దానితో ఆయన పనిని కొంచెం తక్కువగా అంచనా వేశారేమో అనిపించింది. మీ పనిని తేలికగా చూసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మీట నొక్కితే ఎస్ప్రెస్సో దానంతట అదే దిగుతుందని వాళ్ళ నమ్మకం. పద్ధెనిమిది గ్రాముల పొడిని తూచి సమంగా అదమడం, 25 నుంచి 30 సెకన్లలో షాటు, అంటే ఒక గుక్కెడు చిక్కటి ఎస్ప్రెస్సో, దిగేలా చూడడం, గాలిలో తేమ మారినప్పుడు గ్రైండరును మళ్ళీ సవరించుకోవడం, పాలు 60, 65 డిగ్రీల మధ్యకు రాగానే ఆవిరి ఆపి నురుగు చెదరకుండా పోయడం చేతికి అలవడాలంటే నెలలు పడుతుంది. ఎదుట నిలబడిన వరుస ఒకటైతే, ఫోనులో ఆర్డరు పెట్టి ఇంకా కంటికి కనపడని వరుస మరొకటి. ఒకే మణికట్టుతో రోజుకు వందసార్లు పొడి అదిమేవాళ్ళకు ఆ నొప్పి ఏమిటో చెప్పనక్కర లేదు.

మీ అన్నయ్య మూత తీయడం మీరు చూశారు. ఆ మూత తీయడానికి ముందు ఎదుటివాడి గుర్తింపు కార్డు మీద పుట్టినతేదీ చూసి, 21 ఏళ్ళు నిండాయా లేదా అని మసక వెలుతురులో క్షణంలో లెక్కకట్టడం మీ దృష్టికి వచ్చి ఉండదు. టెక్సస్‌లో మైనరుకు మద్యం అమ్మితే శిక్ష పడేది షాపుకు మాత్రమే కాదు. అమ్మిన వ్యక్తికి 4,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పడే నేరం అది. ఒళ్ళు తెలియని స్థితిలో ఉన్నవాడికి మళ్ళీ పోస్తే, అతను బయటికి వెళ్ళి కారుతో ఎవరినైనా గుద్దితే, ఆ బార్ మీద నష్టపరిహారం దావా పడవచ్చు. అందుకే సాధారణంగా బార్‌టెండర్లు రాష్ట్ర మద్యం శాఖ ఆమోదించిన శిక్షణ తీసుకుని ధ్రువపత్రం దగ్గర పెట్టుకుంటారు. ఎవరికి ఎప్పుడు ‘ఇక చాలు’ అనాలో, గొడవ కాకుండా ఎలా అనాలో తెలియడమే ఆ పనిలో సగం నైపుణ్యం, పైగా ఆ మాట అనిపించుకున్నవాడు టిప్పు పెట్టడు. మీ కౌంటరు దగ్గర ఐదో కాఫీ అడిగినవాడిని ఆపే బాధ్యత మీకు లేదు. రాత్రి రెండింటికి బార్ కట్టేశాక నేల తుడిచి, గ్లాసులు కడిగి, సీసాలు లెక్కపెట్టి ఇల్లు చేరేసరికి మీ పొద్దుటి షిఫ్టు మొదలయ్యే వేళ దగ్గరపడుతుంది. రెండు పనులనూ ఒకే తక్కెడలో తూచమంటే, చేతుల పని మీది ఎక్కువ, తలమీద బాధ్యత ఆయనది ఎక్కువ అంటాను. టిప్పుల్లో ఉన్న తేడాకు మాత్రం ఈ రెండూ కారణం కావు.

ఒక సరదా సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో చాలామందికి బరిస్టా అన్న మాట 2000లో మొదలైన కాఫీ షాపుల పేరుగానే తెలిసింది. అసలు ఇటలీలో ఆ మాటకు అర్థం బార్ వెనుక నిలబడేవాడు అని. పొద్దున ఎస్ప్రెస్సో తీసేదీ, సాయంత్రం మద్యం పోసేదీ అదే మనిషి. వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడే కాఫీ తాగి, ఇవ్వాలనిపిస్తే ఒక చిన్న నాణెం వదిలి వెళ్తారు. అంటే మీరిద్దరూ ఒకే వృత్తివాళ్ళు. మిమ్మల్ని రెండుగా చీల్చింది అమెరికా జీతాల చట్టం.

ఆ చట్టం కథ కొంచెం వెనక నుంచి చెబితేగాని అర్థం కాదు. టిప్పు అమెరికాలో పుట్టినది కాదు, యూరప్ నుంచి వచ్చింది. అంతర్యుద్ధం ముగిశాక బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారిని హోటళ్ళూ రైలు కంపెనీలూ పనిలో పెట్టుకుని, జీతం నామమాత్రంగా ఇచ్చి, మిగతాది ప్రయాణికుల దగ్గర తీసుకోండని వదిలేసినప్పుడు అది అక్కడ పాతుకుపోయింది. పుల్‌మన్ కంపెనీవారి పడక రైలుపెట్టెల్లో పనిచేసిన పోర్టర్లు చాలాకాలం అలాగే బతికారు. టిప్పు ఇవ్వడం ప్రజాస్వామ్యానికి తగదని 1909లో వాషింగ్టన్ రాష్ట్రం దాన్ని నిషేధించింది. మరో ఐదు రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు హోటలు కార్మికులు అందులో లేరు. 1966లో వాళ్ళను చేర్చారు గానీ, టిప్పులు వచ్చేవాళ్ళకు కనీస వేతనంలో సగం యజమాని ఇస్తే చాలు, మిగతా సగం టిప్పుల్లోంచి లెక్క చూపుకోవచ్చు అన్న వెసులుబాటుతో చేర్చారు. 1991లో కనీస వేతనం గంటకు 4.25 డాలర్లు, అందులో సగం 2.13. ఆ తరువాత 1996లో ఆ సగం లెక్క తీసేసి, 2.13 దగ్గరే మేకు కొట్టారు. సమాఖ్య కనీస వేతనం పెరుగుతూ వచ్చి 2009లో 7.25 డాలర్ల దగ్గర ఆగింది. టిప్పులవాళ్ళ జీతం మాత్రం 1991 అంకె దగ్గరే ఉంది. టెక్సస్ ఇప్పటికీ ఈ రెండు అంకెలనే పాటిస్తోంది.

కాబట్టి మీ అన్నయ్యకు యజమాని ఇవ్వవలసింది గంటకు 2.13 డాలర్లు మాత్రమే కావచ్చు. టిప్పులతో కలిపి 7.25కు చేరకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలని చట్టం చెబుతుంది. ఆ లెక్క గట్టిగా అడిగేవాడిని తరువాతి వారం షిఫ్టుల పట్టికలో వెతుక్కోవాల్సి వస్తుందనేది వేరే సంగతి. మీకు గంటకింత అని పూర్తి జీతం ఉంది. ఆయనకు సీసా పక్కన పెట్టే డాలరు జీతంలో భాగం. దాన్ని యజమాని బదులు ఎదుట కూర్చున్నవాడు ఇస్తున్నాడు. మీ డబ్బాలో పడే డాలరు జీతం మీద వచ్చే ఈనాము. రెంటికీ ఒకే పేరు ఉండడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చింది.

అయితే చట్టం ఒక్కటే కారణమైతే, చట్టం మారిన చోట ఆచారం కూడా మారాలి కదా? మారలేదు. వాషింగ్టన్, కాలిఫోర్నియా, ఆరెగాన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్పులవాళ్ళకు తక్కువ జీతం ఇచ్చే వెసులుబాటే లేదు. 2025లో వాషింగ్టన్‌లో కనీస వేతనం గంటకు 16.66 డాలర్లు, సియాటిల్ నగరంలో 20.76, కాఫీ తీసినా కాక్‌టెయిల్ కలిపినా అంతకు తగ్గకూడదు. అక్కడ కూడా బార్‌లో సీసాకు డాలరు పెడతారు, కాఫీకి చిల్లర వేస్తారు. పాతికేళ్ళ చేతి అలవాటు చట్టం మారిన మర్నాడు పోదు. పైగా మిగతా రెండు కారణాలు అక్కడ కూడా ఉన్నాయి.

అందులో ఒకటి, డబ్బు ఎప్పుడు కడతామన్నది. బార్‌లో కార్డు ఇచ్చి ఖాతా తెరిచి, రెండు గంటలు కూర్చుని, తన పేరూ తన ఇష్టమూ గుర్తుపెట్టుకున్న మనిషికి చివర్లో డబ్బు ఇస్తారు. మళ్ళీ గ్లాసు నిండాలంటే ఆ మనిషి తన వైపు చూడాలన్న సంగతి కూడా కూర్చున్నవాడికి తెలుసు. లోపలికి వెళ్ళిన మద్యం కూడా చేతిని కొంచెం వదులు చేస్తుందని ఒప్పుకోవాలి. మీ దగ్గర కాఫీ ఇంకా తయారు కాకముందే డబ్బు కట్టే యంత్రం తెర కొనేవాడి వైపు తిప్పి 18, 20, 25 శాతం అని అడుగుతారు. చేయని పనికి మెప్పు ఎలా ఇస్తామని కొనేవాడు చిరాకు పడితే నేను తప్పుపట్టను. రెండోది ధర. టిప్పును శాతంగా లెక్కకట్టే అలవాటులో ఐదు డాలర్ల లాటేకు 20 శాతం అంటే ఒక డాలరు, పద్నాలుగు డాలర్ల కాక్‌టెయిల్‌కు దాదాపు మూడు. లాటేకే ఎక్కువ సమయం పట్టినా శాతానికి ఆ తేడా తెలియదు. అంతేకాక, మీ డాలరును ఆ షిఫ్టులో ఉన్న నలుగురూ పంచుకుంటారు. ఆయన డాలరులోంచి సీసాలూ మంచూ మోసే బార్‌బ్యాక్‌కు వాటా పోగా చాలాభాగం ఆయనకే మిగులుతుంది. గంటకు నలభై కాఫీలు చేసి, నలుగురిలో ఒకరు డాలరు వేశారనుకోండి: పది డాలర్లు, మనిషికి రెండున్నర. గంటకు ముప్పై గ్లాసులు పోసి, గ్లాసుకు డాలరున్నర వచ్చిందనుకోండి: నలభై ఐదు. మీరు చూసిన తేడా అదే.

ఇక మీరు ఎంత ఇవ్వాలన్నది. బార్‌లో కూర్చుంటే బీరుకో వైనుకో డాలరు, కలిపి చేసే పానీయానికి రెండు డాలర్లు, పెద్ద బిల్లయితే పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద 18 నుంచి 20 శాతం. టెక్సస్‌లో ఇంతకంటే తగ్గించే ఆలోచన పెట్టుకోకండి. అంత ఖర్చు చేయలేని నెలలో బార్‌కు వెళ్ళకండి గానీ, వెళ్ళి టిప్పు ఎగ్గొట్టవద్దు. కాఫీ షాపులో మామూలు డ్రిప్ కాఫీ పోయించుకుంటే ఏమీ ఇవ్వకపోయినా ఎవరూ అనుకోరు, అనుకోకూడదు. పాలు కాచి, షాటు తీసి చేసే కాఫీకి వీలైనప్పుడు ఒక డాలరు. ఎప్పుడూ ఒకే షాపుకు వెళ్తూ, మీ కాఫీ ఏమిటో వాళ్ళే గుర్తుపెట్టుకుంటే, రోజూ పావలా లెక్కన కాకుండా వారానికొకసారి రెండు డాలర్లు వేయండి. ఫ్రిజ్‌లోంచి మీరే తీసుకున్న నీళ్ళ సీసాకు తెర అడిగితే, వద్దు అన్న చోట వేలు పెట్టడానికి వెనుక నిలబడినవాళ్ళ ముఖం చూడనవసరం లేదు.

బిల్లు చూడకుండా మాత్రం ఇవ్వకండి. ఆరుగురో అంతకంటే ఎక్కువ మందో కలిసి వెళ్తే 18 శాతం ముందే కలిపేసే చోట్లు చాలా ఉన్నాయి. మన దేశంలో ఇలా సర్వీసు చార్జీ తప్పనిసరిగా కలపకూడదని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అమెరికాలో సాధారణంగా ముందే మెనూలో చెప్పి కలుపుతారు. అది కలిపి ఉంటే మళ్ళీ ఇవ్వనక్కర లేదు. దానికి తోడు మనవాళ్ళ బృందాల గురించి ఒక మాట. పదిమంది కలిసి వెళ్ళి, యాప్‌లో పైసలతో సహా పంచుకుని, ఆ పంపకంలో టిప్పు ఒక్కటే ఎవరి పద్దులోనూ పడకుండా జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందులో నేనూ ఉన్న రోజులున్నాయి. కొత్తగా వచ్చిన కాలంలో, ఊళ్ళో టీ మాస్టరుకు టిప్పు ఇవ్వడం ఎన్నడూ చూడని మనిషిగా, బార్‌లో లెక్క సరిగ్గా కట్టి చిల్లర జేబులో వేసుకుని లేచాను. తరువాతి వారం అదే కౌంటరు దగ్గర చాలాసేపు ఎవరికీ కనిపించకుండా కూర్చున్నాను. కారణం ఒక స్నేహితుడు చెబితేగాని తెలియలేదు.

షిఫ్ట్ లీడ్ వాటా గురించి. 2018లో వచ్చిన సవరణ ప్రకారం యజమానీ, మేనేజర్లూ, సూపర్‌వైజర్లూ ఉద్యోగుల టిప్పుల్లోంచి ఏమీ తీసుకోకూడదు. అయితే ఇక్కడ సూపర్‌వైజర్ అంటే చొక్కా మీద ఉన్న పేరుపట్టీ కాదు. ఆ షాపును నడపడమే ప్రధానమైన పనిగా ఉండి, కనీసం ఇద్దరు పూర్తికాల ఉద్యోగుల చేత పనిచేయిస్తూ, ఉద్యోగంలో పెట్టుకోవడంలోనూ తీసేయడంలోనూ తన మాటకు విలువ ఉన్నవాళ్ళకే ఆ నిషేధం. మీతోపాటు నిలబడి కాఫీలు చేస్తూ, గల్లాపెట్టె తాళం మాత్రం దగ్గర పెట్టుకునే షిఫ్ట్ లీడ్ ఆ కోవలోకి రాకపోవచ్చు. స్టార్‌బక్స్ మీద సరిగ్గా ఈ వివాదమే నడిచింది. షిఫ్ట్ సూపర్‌వైజర్లకు టిప్పుల వాటా ఇవ్వడం తప్పని 2008లో కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి పది కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇస్తే, మరుసటి ఏడు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2013లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, షిఫ్ట్ సూపర్‌వైజర్లు వాటా తీసుకోవచ్చు, అసిస్టెంట్ మేనేజర్లకు ఆ హక్కు లేదు అని గీత గీసింది. మీ షిఫ్ట్ లీడ్ కౌంటరులో నిలబడిన గంటలకే వాటా తీసుకుంటుంటే నాకు అభ్యంతరం కనపడడం లేదు. వెనక గదిలో కూర్చుని పట్టికలు రాసిన గంటలకు కూడా తీసుకుంటుంటే, పంపకం గంటల లెక్కన కాగితం మీద రాద్దామని అందరి ముందూ మర్యాదగా అడగండి.

మరో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. నెలకు టిప్పులు 20 డాలర్లు చేరితే, తరువాతి నెల పదో తేదీలోగా ఆ మొత్తం యజమానికి రాసివ్వాలి. షిఫ్టుకు నాలుగైదు డాలర్లంటే మీరు ఆ గీత దాటారు. 2025లో వచ్చిన చట్టంతో 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పులను సమాఖ్య ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసివేసుకునే వీలు మీ అన్నయ్యలాంటివారికి కలిగింది. విద్యార్థి వీసా మీద ఉన్న మీ లెక్క వేరు. దాని గురించి విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి.

మీ అన్నయ్య పిలుపుకు జవాబు ఒక్కటే, వెళ్ళకండి. మీరు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నారనుకుని చెబుతున్నాను. తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మీకున్న పరిమితి, అది మీరు ఇప్పటికే నింపేశారు. క్యాంపస్ బయట పనిచేయాలంటే ముందుగా అనుమతి కావాలి, చదువుతో సంబంధం ఉన్న పనికిచ్చే అనుమతి బార్‌లో గ్లాసులు అందించడానికి రాదు. జీతం లేదు, టిప్పులు మాత్రమే తీసుకుంటాను అన్నా, చేతిలో నోట్లు పెట్టారు అన్నా, అది ఉద్యోగమే. ఒక శనివారం రాత్రి సంపాదన కోసం మీ చదువూ, ఆ తరువాత దొరకబోయే పని అనుమతీ పణంగా పెట్టవద్దు. ఆయన అమెరికా పౌరుడు కాబట్టి ఈ చిక్కు ఆయనకు తట్టి ఉండదు. కోపం తెచ్చుకోకుండా, నా వీసాకు కుదరదన్నయ్యా అని చెప్పండి. బార్‌కు అతిథిగా వెళ్ళడానికి అభ్యంతరం లేదు, 21 నిండి ఉంటే చాలు. గుర్తింపు కార్డు చూపించమని అన్నయ్యే అడిగినా నొచ్చుకోకండి.

పొద్దున్నే డబ్బాలో మీరే వేసుకునే నోట్ల గురించి ఇంత బెంగ అక్కరలేదు. ఖాళీ డబ్బాలో మొదటి నోటు వేయడానికి ఎవరికైనా చేయి రాదు, అందుకే చాలా షాపుల్లో చేసేదే అది. ఎవరు ఎంత వేశారో ఒక చీటీ మీద రాసి డబ్బా అడుగున పెట్టండి. సాయంత్రం పంచుకునే ముందు ఎవరి నోటు వాళ్ళకు ఇచ్చేసి, మిగిలినది లెక్కపెట్టుకోండి.